చైనా ఆడవాళ్ల స్నేహాలు: వచ్చే నెల నా వంతు, కాస్త సాయం చేయండి

పద్మలత (గుంటూరు), శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో పదకొండు మంది ఆడవాళ్లం నెలకోసారి కూర్చుని ఏదో ఒక విషయం మాట్లాడుకుంటాం. పోయిన నెల ఆవకాయతో మొదలై ఆడపిల్లల ఆస్తిహక్కు దగ్గర తేలింది. వచ్చే నెల వంతు నాది. చైనా ఆడవాళ్ల గురించి చెబుతానని నోరు జారాను, ఇప్పుడు టెన్షన్.

నాకు తెలిసినవల్లా పాదాలు కట్టేయడం, ఒక్క బిడ్డ చట్టం, ఈ రెండే. ఈ మధ్య ఎక్కడో ‘లావోతొంగ్’ అనే మాట చదివాను. ఇద్దరు ఆడపిల్లలు చిన్నప్పుడే జీవితాంతం స్నేహంగా ఉంటామని మాట రాసుకునేవారట. నిజమా, కథలవాళ్ల కల్పనా? నిజమైతే రాజులు పోయి, యుద్ధాలొచ్చి, విప్లవం వచ్చిన ఆ వందేళ్లలో ఈ స్నేహాలు ఏమయ్యాయి? తెలిసినవాళ్లు చెప్పండి. లింకులు మాత్రం వద్దు, అవి మా అబ్బాయి చాలా పంపాడు.

వంశధార, శుక్రవారం రాత్రి 9:40

చైనా సంగతి నాకు తెలీదు గానీ అక్కా, ఇందులో వింత ఏముంది? మా సిక్కోలు వైపు నేస్తం కట్టడం ఉంది కదా. మా అమ్మమ్మకి పక్క ఊళ్లో ఒక నేస్తం. కులం వేరు. పండక్కి వీళ్లింటి నుంచి వాళ్లింటికి బట్టలు, వాళ్లింటి నుంచి వీళ్లింటికి పిండివంటలు. పేరు పెట్టి పిలవకూడదు, ‘నేస్తం’ అనే పిలవాలి. అమ్మమ్మ పురిట్లో ఉంటే తోబుట్టువుల కంటే ముందు ఆమే వచ్చేదంట. లావోతొంగ్ అంటే అలాంటిదే అయ్యుంటుంది.

రామం (పాత పుస్తకాలు), శుక్రవారం రాత్రి 11:05

పద్మలత గారూ, లావోతొంగ్ నిజమే. అయితే చైనా అంతటా ఉన్న ఆచారం కాదు. హునాన్ రాష్ట్రం దక్షిణపు అంచున జియాంగ్‌యొంగ్ అని మన తాలూకా లాంటి ప్రాంతం ఒకటుంది. అక్కడి పల్లెల్లో ఉండేది. ఇద్దరే జట్టు కట్టడం కంటే నలుగురైదుగురో, ఏడుగురో కలిసి ప్రమాణం చేసి అక్కచెల్లెళ్లు కావడమే ఎక్కువ. కథల్లోకి ఎక్కింది మాత్రం జంటే. వంశధార చెప్పిన నేస్తానికి ఇది నిజంగానే దగ్గర.

అక్కడి ఆడవాళ్లకు సొంత లిపి ఉండేది. నుషు అంటారు, ‘ఆడవాళ్ల రాత’ అని. మామూలు చైనా రాతలో గుర్తుకు అర్థం అంటిపెట్టుకుని ఉంటుంది. నుషులో గుర్తు అంటే ఒక పలుకు, ఆ పల్లెల యాసలోని పలుకు. అందుకే మనకు సులువుగా బుర్రకెక్కుతుంది, మన అక్షరాలూ శబ్దానివే కదా. గీతలు సన్నగా, ఏటవాలుగా ఉంటాయి. ఏడేసి పలుకుల పాదాలతో పాటలు కట్టి విసనకర్రల మీద, చేతిరుమాళ్ల మీద రాసేవాళ్లు. అమ్మో, మేనత్తో, పక్కింటి పెద్దావిడో నేర్పేది. బళ్లో మగపిల్లలు నేర్చుకునే లిపి వీళ్లకు అందేది కాదు.

పెళ్లయిన మూడో రోజు పెళ్లికూతురికి పుట్టింటివైపు ఆడవాళ్లు, స్నేహితురాళ్లు ఒక గుడ్డ అట్ట పుస్తకం పంపేవాళ్లు. దాని పేరే ‘మూడో రోజు పుస్తకం’. మొదటి కొన్ని పుటల్లో విడిపోతున్నందుకు ఏడుపు, దీవెనలు. మిగతా పుటలన్నీ ఖాళీ. ఆ ఖాళీలో ఆ పిల్ల తన గోడు రాసుకోవాలి. పుటల మధ్య రంగుదారాలు, కుట్టుపూల నమూనా కాగితాలు దాచుకునేది. మన మూడు నిద్రలు, అప్పగింతల పాటలు గుర్తొస్తాయి. కానీ మన అప్పగింతల్లో ఖాళీ పుటలు లేవు.

ఇంకొక్క మాట. ఇది రహస్య లిపి అని పత్రికలు తెగ రాశాయి. రహస్యం ఏమీ లేదు. ఆడవాళ్లు గొంతెత్తి పాడేవాళ్లు, మగవాళ్లు వింటూనే ఉండేవాళ్లు. పట్టించుకోలేదు, అంతే.

పక్కింటి సుబ్బారావు, శనివారం ఉదయం 6:30

భార్య చెప్పేది భర్త వింటూ పట్టించుకోకపోవడం ప్రపంచమంతా ఉన్న లిపే కదండీ. దీనికి హునాన్ దాకా ఎందుకు?

పద్మలత (గుంటూరు), శనివారం ఉదయం 7:15

సుబ్బారావు గారూ, మీ ఇంట్లో ఆవిడకు ఈ చర్చ చూపించనా?

రామం గారూ, ఆ ఖాళీ పుటల మాట దగ్గర ఆగిపోయాను. మరి ఆ లిపి ఎలా పోయింది? కమ్యూనిస్టులు నిషేధించారా?

ఎర్రమందారం, శనివారం ఉదయం 8:02

అదిగో, మొదలు. చైనాలో ఏది పోయినా కమ్యూనిస్టులే నిషేధించారు అనుకోవడం మనకు అలవాటైంది.

అమ్మా పద్మలతా, నేను 1970లలో చైనా నుంచి వచ్చే బొమ్మల పత్రికలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ రంగులన్నీ నిజం కాదని నాకూ ఇప్పుడు తెలుసు. కానీ 1950 మే 1న వచ్చిన పెళ్లి చట్టం నిజం. పిల్ల ఇష్టం లేకుండా పెళ్లి చేయకూడదు, ఉంపుడుగత్తెలు కూడదు, పసిపిల్లల్ని కోడలిగా తెచ్చి చాకిరీ చేయించుకోకూడదు, విడాకులు ఆడదీ అడగొచ్చు. జనం దాన్ని విడాకుల చట్టం అని పిలిచారంటే ఎంతమంది ఎదురుచూస్తూ కూర్చున్నారో ఊహించుకో. భూమి పంచినప్పుడు ఆడవాళ్ల వాటా కూడా లెక్కగట్టారు. పల్లెల్లో చాలామంది ఆడవాళ్లకు అంతవరకు పిలవడానికి సరైన పేరే లేదు. ఫలానా ఇంటి కోడలు, ఫలానావాడి తల్లి. లెక్కల్లోకి ఎక్కించడానికి, రాత్రి బడిలో పేరు రాసుకోవడానికి మొదటిసారి పేర్లు పెట్టుకున్నారు. విసనకర్ర మీద ఏడుపు పాటలు రాసుకోవడం గొప్పా, పేరు ఉండటం గొప్పా?

నుషు పోయింది ఎందుకంటే ఆడపిల్లలు బడికి పోయారు. అందరూ చదివే లిపే చేతికొచ్చాక ఆడవాళ్ల రాత ఎందుకు?

రామం (పాత పుస్తకాలు), శనివారం ఉదయం 10:20

ఎర్రమందారం గారితో నాకు సగం ఒప్పుదలే. లిపిని చంపింది ప్రధానంగా బడే. నిషేధం కాదు. పుస్తకం యజమాని చనిపోతే దాన్ని ఆమెతోపాటు కాల్చడమో పాతిపెట్టడమో కూడా వాళ్ల ఆచారం, కాబట్టి పాతవి మిగిలేవే తక్కువ.

మిగతా సగం ఇది. 1950లలోనే జిల్లా సాంస్కృతిక శాఖలో పనిచేసే ఝౌ షుయోయి ఈ లిపి సేకరించడం మొదలుపెట్టాడు. ఆయన మీద ‘మితవాది’, అంటే విప్లవానికి వ్యతిరేకి, అన్న ముద్ర పడింది. తర్వాత 1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవంలో నుషు రాతలను పాత చెత్త కింద కాల్చారు. బయటి పండితులు 1980లలో వచ్చేసరికి రాయగలిగిన ముసలమ్మలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో గావో యిన్‌షియాన్ 1990లో పోయింది. చిన్నప్పుడే స్నేహితురాళ్ల మధ్య ఈ రాత నేర్చుకున్న చివరి మనిషిగా చెప్పే యాంగ్ హువాన్‌యి 2004 సెప్టెంబరులో పోయింది. 2006లో దాన్ని జాతీయ వారసత్వం జాబితాలోకి ఎక్కించారు. 2017లో యూనికోడ్‌లో 396 అక్షరాలకు చోటిచ్చారు. అంటే కంప్యూటర్‌లో నుషు రాసుకునే వీలు వచ్చింది, రాసుకోవడానికి ఆ స్నేహితురాళ్లే లేరు.

వంశధార, శనివారం ఉదయం 10:41

ఇప్పుడే వెతికి నాలుగు అక్షరాలు ఇక్కడ పెట్టబోయాను మాస్టారూ. నా ఫోన్లో అన్నీ డబ్బాలే కనిపిస్తున్నాయి. తీసేశాను.

రామం (పాత పుస్తకాలు), శనివారం మధ్యాహ్నం 3:30

పద్మలత గారూ, మీ సమావేశంలో ఒక్క కథకే టైముంటే చియు జిన్ కథ చెప్పండి. అందరూ ఆమెను కత్తి పట్టిన వీరనారిగా చెబుతారు. నేను ఆమె చనిపోయిన దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే స్నేహం సంగతి అక్కడే తేలింది.

1907 జూలై 15 తెల్లవారుజామున షావోషింగ్ పట్నంలో నడివీధిలో ఆమె తల నరికారు. అప్పుడు చైనాను ఏలుతున్న మంచూ రాజుల ప్రభుత్వం మీద తిరుగుబాటు సిద్ధం చేసిందని నేరం. అంతకు మూడేళ్ల ముందు భర్తనూ ఇద్దరు పిల్లలనూ వదిలి జపాన్ వెళ్లి చదువుకుంది. కట్టిన పాదాలు విప్పుకుంది. తిరిగొచ్చి 1907 మొదట్లో షాంఘైలో ఆడవాళ్ల కోసం పత్రిక పెట్టింది, రెండు సంచికలతో ఆగింది. ఆమె శవం దగ్గరికి వెళ్లే ధైర్యం చుట్టాలకు లేకపోయింది. రాజద్రోహి చుట్టమంటే ఇంటిల్లిపాదికీ ముప్పు. ధర్మసత్రం వాళ్లు ఎత్తి కొండ పక్కన పెట్టి వెళ్లారు.

అప్పుడు ముందుకొచ్చింది ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు వూ జియింగ్. చేతిరాతకు పేరుపడిన మనిషి. బీజింగ్‌లో ఉన్నప్పుడు 1904లో ఇద్దరూ అక్కచెల్లెళ్లమని కాగితం రాసుకున్నారు. రెండో ఆమె శూ జిహువా. వితంతువు, కవయిత్రి, ఒక ఆడపిల్లల బడికి ప్రధానోపాధ్యాయురాలు. 1906లో చియు జిన్ ఆ బళ్లో పంతులమ్మగా చేరింది, స్నేహం అక్కడ కలిసింది. తిరుగుబాటుకు డబ్బు కావలసి వస్తే శూ తన బంగారమంతా, ముప్పై లియాంగులంటారు (లియాంగ్ అంటే మన తులం లాంటి చైనా తూకం), ఇచ్చేసింది. బదులుగా చియు జిన్ తన చేతి పచ్చరాతి గాజులు తీసి ఆమెకిచ్చింది. తను పోతే హాంగ్‌జౌలో పశ్చిమ సరస్సు ఒడ్డున పాతిపెట్టమని మాట కూడా తీసుకుంది.

1908 మొదట్లో ఆ ఇద్దరూ సరస్సు పక్కన షీలింగ్ వంతెన దగ్గర నేల సంపాదించి సమాధి కట్టించారు. రాతిమీది మాటలు శూ కూర్చింది, అక్షరాలు వూ రాసింది. ఒక్కసారి ఆలోచించండి. ప్రభుత్వం తల తీసిన మనిషి సమాధి మీద తమ పేర్లు చెక్కించుకున్నారు! ఆ ఏడాదే ఒక అధికారి ఆ సమాధి పడగొట్టాలని, ఆ ఇద్దరినీ శిక్షించాలని పైకి అర్జీ పెట్టాడు. సమాధి పోయింది. శవపేటిక ఊళ్లు తిరిగి చివరికి అత్తవారి హునాన్‌కు చేరింది. 1911 విప్లవం గెలిచాక మళ్లీ సరస్సుకు తెచ్చారు. 1960లలో సరస్సు చుట్టూ సమాధులుండకూడదని మళ్లీ తీశారు. 1981లో మళ్లీ తెచ్చారు. ఇప్పుడు అక్కడే ఉంది. బతికుండగా ఆమె అన్నిసార్లు ఇల్లు మారలేదేమో.

గాజుల సంగతి మరిచిపోయాను. శూ వాటిని ఏళ్ల తరబడి దాచింది. చియు జిన్ కూతురు వాంగ్ చాన్‌జి పెద్దయ్యాక పిలిచి ఆమెకిచ్చేసింది, ఇచ్చినట్టు ఒక వ్యాసమూ రాసింది. చియు జిన్ పేరు మీద షాంఘైలో నడిపిన బడిని కూడా ఆ కూతురికే అప్పగించింది.

ఎర్రమందారం, శనివారం సాయంత్రం 5:15

మాస్టారూ, కథ బాగుంది. కళ్లు చెమర్చాయి కూడా. కానీ వీళ్లంతా కలిగినింటి ఆడవాళ్లు. బంగారం ఉంది, ఇచ్చింది. సరస్సు పక్కన నేల కొనే స్తోమత ఉంది, కొన్నది. కూలి ఆడదానికి ప్రమాణం రాసుకోవడానికి కాగితం ఏది? ఆమె చస్తే పాతిపెట్టే స్నేహితురాలు ఏది?

సుజాత (సింగపూర్), శనివారం రాత్రి 10:48

ఉంది అన్నయ్యా. నేను రోజూ నడిచే వీధుల్లోనే ఉండేవాళ్లు.

దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో షుండే అని పట్టు ఊళ్లు. మల్బరీ తోటలు, పట్టుపురుగులు, 1870ల నుంచి ఆవిరితో నడిచే పట్టు దారం మిల్లులు. దారం తీసే పని పెళ్లికాని అమ్మాయిలది. సొంత సంపాదన చేతికొచ్చాక కొంతమంది పెళ్లే వద్దన్నారు. వద్దంటే ఊరికే ఇంట్లో కూర్చోవడం కాదు, దానికో తంతు ఉంది. అప్పటి చైనాలో కన్నెపిల్లకు జడ, పెళ్లయితే సిగ. వీళ్లు కరుణ దేవత గ్వాన్‌యిన్ ముందు ప్రమాణం చేసి సిగ చుట్టుకునేవాళ్లు. జుట్టు దువ్వేది అమ్మ కాదు, తాను లేదా అప్పటికే ఆ ప్రమాణం చేసిన అక్క. అందుకే వాళ్ల పేరు ‘స్వయంగా దువ్వుకున్నవాళ్లు’. తర్వాత బంధువులకు విందు. పెళ్లికి పెట్టినట్టే ఖర్చు.

ఒక చిక్కు ఉంది. పెళ్లికాని కూతురు పుట్టింట్లో ప్రాణం వదలకూడదని అక్కడి పట్టింపు. బతికినన్నాళ్లూ అన్నదమ్ములకు డబ్బు పంపొచ్చు, చావడానికి మాత్రం ఆ ఇల్లు పనికిరాదు. అందుకని పది మంది చందాలేసుకుని ఇల్లు కట్టుకునేవాళ్లు. ముసలితనంలో, జబ్బులో, చివరి ఘడియలో అందులోనే.

1930లలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చి పట్టు ధర పడిపోయింది. మిల్లులు మూతపడ్డాయి. అప్పుడు వీళ్లు గుంపులుగా మలయా, సింగపూర్, హాంకాంగ్ పడవలెక్కారు. 1933లో ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వం చైనా నుంచి వచ్చే మగవాళ్ల మీదే పరిమితి పెట్టింది, ఆడవాళ్లను 1938 దాకా వదిలేసింది. ఆ సందులో వచ్చినవాళ్లే ఎక్కువ. తెల్లవాళ్ల ఇళ్లలో, ధనికుల ఇళ్లలో వంట, పిల్లల పెంపకం. తెల్ల పైచొక్కా, నల్ల పంట్లాం. సెలవు రోజున వెళ్లడానికి చైనాటౌన్‌లో పాతిక మంది కలిసి అద్దెకు తీసుకున్న ఒక గది. పని పోతే ఆ గదే, జబ్బు చేస్తే ఆ గదే. నెలనెలా చావు ఖర్చుకు చిట్టీ లాంటిది కట్టుకునేవాళ్లు. మాకు బ్లాకులో ఎదురింట్లో ఉండే చైనా తాతగారిని పెంచింది అలాంటి ఆమే. ఆయన ఆమెను ‘మా జే’ అంటారు, ఇప్పటికీ సంవత్సరీకం పెడతారు. కన్నతల్లికి తమ్ముడు పెడతాడట.

షుండేలో జున్‌ఆన్ అనే ఊళ్లో బింగ్‌యూ తాంగ్ అని ఒక ఇల్లుంది. సింగపూర్‌లో వంటపని చేసిన ఈ అక్కలే డబ్బు పంపి కట్టించుకున్నారు, 1950 ప్రాంతంలో పూర్తయింది. ‘మంచూ పోయింది, జపాన్‌వాళ్లు వచ్చి పోయారు, ఇక ఇంటికి పోయి హాయిగా ముసలివాళ్లం అవుదాం’ అనుకున్నారు కాబోలు. సరిగ్గా అదే టైముకు ఎర్రమందారం గారి విప్లవం వచ్చింది. ఇప్పుడది మ్యూజియం.

ఎర్రమందారం, ఆదివారం ఉదయం 7:30

సుజాతమ్మా, ఓడిపోయాను. ఈ సంగతి నాకు తెలీదు. చావు చిట్టీ మాట చదివి, మా ఊరి బీడీ కార్మికురాళ్లు గుర్తొచ్చారు.

యాంగ్జీ డాక్టరమ్మ (కరీంనగర్), ఆదివారం ఉదయం 11:10

పద్మలత మేడమ్, నేను వూహాన్‌లో ఎంబీబీఎస్ చదివిన. మా హాస్టల్ చూసుకునే ఆమెను మేం ‘ఆయీ’ అనేవాళ్లం, అంటే పిన్ని. ఆమె సంగతి రాస్తా. పేరు రాయను.

ఆయీకి పదహారేళ్లప్పుడు, 1969లో, పట్నం నుంచి పల్లెకు పంపిండ్రు. చదువుకున్న పిల్లలు రైతుల దగ్గర నేర్చుకోవాలని మావో పిలుపు. అట్లా దేశం మొత్తం మీద కోటి డెబ్బై లక్షల మంది దాకా పోయిండ్రు. ఆమెతో పాటు అదే క్లాసు అమ్మాయిలు ఇద్దరు. ముగ్గురికీ ఒక మట్టిల్లు, ఒక పొయ్యి, ఒక దోమతెర. కూలి పాయింట్ల లెక్క. మగవాడి దినానికి పది పాయింట్లు, వీళ్లకు ఆరో ఏడో. ‘ఆకాశంలో సగం ఆడవాళ్లది’ అని గోడ మీద రాసి ఉండేదట. ‘ఆకాశంలో సగం, పాయింట్లలో ఆరు’ అని నవ్వేది ఆయీ.

1977లో పదేళ్ల తర్వాత మళ్లీ కాలేజీ ఎంట్రన్స్ పెట్టిండ్రు. యాభై ఏడు లక్షల మంది రాస్తే సీట్లు వచ్చింది రెండు లక్షల డెబ్బై వేల మందికి. ముగ్గురికీ కలిపి ఒకటే లెక్కల పుస్తకం. దాన్ని మూడు ముక్కలుగా చింపి, పది రోజులకోసారి ముక్కలు మార్చుకున్నరు. ఒకామెకు సీటు వచ్చింది. ఆయీకి రాలేదు. మూడో ఆమె అప్పటికే ఆ ఊరి రైతును చేసుకుంది, చంటిపిల్ల, పరీక్ష కాడికి పోనేలేదు.

ఆయీ తర్వాత వూహాన్‌లో నూలు మిల్లులో చేరింది. 1990ల చివర సర్కారు ఫ్యాక్టరీల నుంచి లక్షలాది మందిని ఇంటికి పంపిండ్రు, ముందు ఆడవాళ్లనే. నలభై అయిదేళ్లకు పని లేదు. అప్పుడు ఆ సీటు వచ్చిన ఆమె, బీజింగ్‌లో లెక్చరర్, రెండేళ్లు నెలనెలా మనీ ఆర్డర్ పంపింది. ‘నేను లెక్కలు నీ ముక్కలో చదివిన, ఇది దాని కిరాయి’ అని ఫారం మీద రాసిందట. ఆ చీటీలు ఆయీ బిస్కెట్ డబ్బాలో దాచింది. నేను చూసిన.

ఒకటే కొరత. 1966 గురించి అడిగితే లేచి నీళ్లు కాచడానికి పోయేది. నేను అడగడం మానేసిన.

పక్కింటి సుబ్బారావు, ఆదివారం మధ్యాహ్నం 12:02

ఇందాక ఎగతాళి చేసినందుకు సారీ అండీ. 1966లో ఏమైంది?

రామం (పాత పుస్తకాలు), ఆదివారం మధ్యాహ్నం 2:40

సుబ్బారావు గారూ, ఆయీ సంగతి ఆయీకే తెలియాలి, మనం ఊహించొద్దు. బీజింగ్‌లో జరిగింది ఒకటి చెబుతాను.

బీజింగ్ నార్మల్ యూనివర్సిటీకి చేరిన ఆడపిల్లల ఉన్నత పాఠశాల. పెద్ద పెద్ద నాయకుల కూతుళ్లు చదివే బడి. బియన్ జోంగ్‌యున్ అక్కడ ఉప ప్రధానోపాధ్యాయురాలు, యాభై ఏళ్ల మనిషి, నలుగురు పిల్లల తల్లి. 1966 ఆగస్టు 5న ఆ బడి ఆడపిల్లలే ఆమెను కొట్టి చంపారు. పద్నాలుగు, పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. మేకులున్న కర్రలతో, బెంచీ కాళ్లతో. సాంస్కృతిక విప్లవంలో బీజింగ్‌లో అలా పోయిన మొదటి పంతులమ్మగా ఆమెను చెబుతారు. భర్త వాంగ్ జింగ్యావ్ మర్నాడు కెమెరా కొని భార్య శవాన్ని ఫొటోలు తీశాడు. ఆ నెత్తుటి బట్టలు దశాబ్దాల పాటు ఇంట్లో దాచాడు. ఆ బడి విద్యార్థినుల నాయకురాళ్లలో ఒకరైన సోంగ్ బిన్‌బిన్ రెండు వారాలకు బీజింగ్ నడిబొడ్డున తియానన్‌మెన్ కోటద్వారం మీద మావో చేతికి రెడ్ గార్డుల, అంటే ఆ విప్లవపు విద్యార్థి దళాల, ఎర్ర పట్టీ కట్టింది. 2014 జనవరిలో పాత స్నేహితురాళ్లతో కలిసి ఆ బడికి వచ్చి, టీచర్లను కాపాడలేకపోయామని తలవంచింది. ఆ క్షమాపణను వాంగ్ జింగ్యావ్ ఒప్పుకోలేదు.

నన్ను కుదిపేది ఏమిటంటే, వాళ్లూ స్నేహితురాళ్లే. ఒకే బెంచీ, ఒకే హాస్టలు. పక్కనున్న పిల్ల కర్ర ఎత్తితే నేనెత్తకపోతే ఏమవుతుందో అన్న భయం కూడా స్నేహాల గుండానే పాకింది. ఆ రోజుల్లో భార్య భర్త మీద, బిడ్డ తల్లి మీద, నేస్తం నేస్తం మీద ఫిర్యాదు రాశారు. డైరీ చదివినవాళ్లు, ఉత్తరం దాచినవాళ్లు, రహస్యం తెలిసినవాళ్లు ఎవరు? దగ్గరివాళ్లే కదా. దగ్గరితనమే సాక్ష్యమైంది.

ఎర్రమందారం, ఆదివారం సాయంత్రం 6:20

దీనికి నా దగ్గర జవాబు లేదు. 1950 చట్టాన్ని నేను వెనక్కి తీసుకోను. రెండూ ఒకే దేశంలో, ఒకే జెండా కింద జరిగాయి.

యాంగ్జీ డాక్టరమ్మ (కరీంనగర్), ఆదివారం రాత్రి 9:05

రామం సార్, మీరు చెప్పింది నిజమే. కానీ అవతలి వైపు కూడా చూడాలె. పల్లెలల్ల రాత్రి మీటింగులు పెట్టి ఉపన్యాసాలు ఇచ్చేటప్పుడు ఆడవాళ్లు ఒళ్లో గుడ్డ చెప్పుల అట్టలు పెట్టుకుని కుట్టుకుంటూ కూసునేటోళ్లట. పగలంతా కమ్యూన్ పొలం, ఇంటిల్లిపాదికీ చెప్పులు కుట్టేది రాత్రే. పైన నినాదాలు, కింద సూది. ఆ వరుసల్లనే ఒకరి కష్టం ఒకరికి చెప్పుకున్నరు. నాకైతే ఈ స్నేహాలన్నిట్ల ఒకటే కనిపిస్తది. కౌగిలింతలు తక్కువ, పని ఎక్కువ. శవం ఎవరు ఎత్తాలె, పుస్తకం ఎవరు పంచాలె, పైసలు ఎవరు పంపాలె.

వంశధార, ఆదివారం రాత్రి 9:30

ఇప్పటి అమ్మాయిల సంగతేంటి డాక్టరమ్మా? వాళ్లు కూడా ఇలాగే ఉన్నారా?

యాంగ్జీ డాక్టరమ్మ (కరీంనగర్), ఆదివారం రాత్రి 10:15

ఇప్పుడు ప్రాణస్నేహితురాలిని ‘గుయిమీ’ అంటరు. కొత్త మాటే గానీ అందులో ‘గుయి’ అంటే పాతకాలపు ఆడవాళ్ల లోపలి గది. నా క్లాస్‌మేట్లందరూ ఒక్క బిడ్డ చట్టం కింద పుట్టినోళ్లు. అక్కా లేదు, చెల్లె లేదు. అందుకే గుయిమీ అంటే వాళ్లకు మనకంటే ఎక్కువ.

పల్లెల నుంచి ఫ్యాక్టరీలకు పోయిన తరం మాత్రం వేరు. 1993 నవంబరు 19న షెన్‌జెన్‌ల ఒక బొమ్మల ఫ్యాక్టరీ తగలబడింది. తలుపులకు తాళాలు, కిటికీలకు ఇనుప చువ్వలు. 87 మంది పోయిండ్రు, దాదాపు అందరూ అమ్మాయిలే. ఆ అమ్మాయిలకు వచ్చిన ఉత్తరాలు తర్వాత పరిశోధకులకు దొరికినయ్. ఎక్కువగా వేరే ఫ్యాక్టరీల్ల పనిచేసే స్నేహితురాళ్లు, చుట్టాలు రాసినవి. మీ దగ్గర జీతం టైముకిస్తరా, ఓవర్‌టైం ఎంత, నాకు పని దొరుకుతదా, అన్నం ఎట్లుంది. నేను ఆ సంగతి చదివిన రోజు అన్నం సహించలేదు.

ఆయీ బాగున్నది. 2020 జనవరిల నేను సెలవులకు ఇంటికొచ్చిన, 23న వూహాన్ మూసేసిండ్రు. డెబ్బై ఆరు రోజులు. రోజూ వాయిస్ మెసేజ్ పెట్టేది. కూరగాయలు ఎవరు తెచ్చిస్తున్నరు ఆయీ అని అడిగితే, సాయంత్రం పార్కుల కలిసి డాన్సు చేసే గుంపు ఒక లిస్టు పెట్టుకున్నదట, వంతులవారీగా ఆర్డర్ పెట్టి పంచుకుంటున్నరట. పార్కుల పెద్ద మైకుపెట్టి జనాన్ని విసిగించే ఆ ముసలమ్మల డాన్సు గుంపులను టీవీల అందరూ వెక్కిరిస్తరు.

పద్మలత (గుంటూరు), రెండు వారాల తర్వాత, సోమవారం ఉదయం 8:50

అందరికీ థాంక్స్. నిన్న అయిపోయింది. గంట అనుకున్నది మూడు గంటలు పట్టింది. పాదాలు కట్టడం గురించి ఎవరూ అడగలేదు, ఒక్క బిడ్డ గురించీ అడగలేదు. లెక్కల పుస్తకం మూడు ముక్కలు అనగానే ఇద్దరు టీచర్లు ఉన్నారు మాలో, వాళ్లు లేచి మాట్లాడారు. బియన్ జోంగ్‌యున్ సంగతి చెప్పాక కాసేపు ఎవరూ టీ కప్పు ముట్టుకోలేదు.

మా అత్తగారు మామూలుగా ఈ సమావేశాలకు రారు. నిన్న పక్క గదిలో మినప్పప్పు బాగుచేస్తూ వింటున్నారు. అందరూ వెళ్లాక వచ్చి ఒకే మాట అడిగారు. నాకు తెలీదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. రామం మాస్టారూ, ఆ పచ్చరాతి గాజులు కూతురు చేతికి సరిపోయాయా?